నేల ఉసిరి పసరు, పసుపు క్యాప్సూల్స్: లివర్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారికి 62 ఏళ్లు. హెపటైటిస్ బి వల్ల లివర్ గట్టిపడి, ఇప్పుడు క్యాన్సర్ అని తేలింది. విశాఖ డాక్టర్లు రాసిన సొరాఫెనిబ్ (క్యాన్సర్‌కు), ఎంటెకవిర్ (హెపటైటిస్ బి వైరస్‌కు) మాత్రలు వాడుతున్నాం. మా పెద్దత్త నేల ఉసిరి పసరు పట్టమంటోంది. మా మరిది మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఆకుమందే కదా, ఇవ్వొచ్చా? డాక్టరు తిడతారేమోనని ఇంకా చెప్పలేదు.
- ఒక కోడలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: క్యాప్సూల్స్ పక్కన పెట్టండమ్మా. పసరు మొదలుపెట్టొద్దు. కూరలో వేసే పసుపు మాత్రం మానక్కర్లేదు.

విజయనగరంలో చాలా ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి. నేల ఉసిరి అంటే నాకు చిన్నచూపు లేదు. 1988లో మద్రాసు పరిశోధకులు దాని పొడిని హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఇస్తే, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనబడకుండా పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మరి ఊళ్లో పసరుతో కామెర్లు తగ్గినవాళ్ల మాటేమిటంటారా? వాళ్లలో చాలామందికి వచ్చేది నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ లాంటిది. పసరు తాగినా తాగకపోయినా కొన్ని వారాల్లో అదే పోతుంది. పేరు మాత్రం పసరుకొస్తుంది!

పసుపులోని కర్క్యుమిన్ ల్యాబులో, గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాలను చంపుతుంది. నిజమే. కానీ మనం మింగితే రక్తంలోకి చేరేది బహు తక్కువ. మిరియాల్లోని పైపరిన్ కలిపితే అది దాదాపు 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు వాళ్లు చూపించారు. మీ మరిది తెప్పించిన సీసా వెనక కథ అదే. అలాంటి క్యాప్సూల్స్ మింగి, ఏ జబ్బూ లేని లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు. తిప్పతీగ వాడినవాళ్లలోనూ 2021లో ముంబై డాక్టర్లు ఇదే చూశారు.

పైగా సొరాఫెనిబ్‌తో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. లివర్ గట్టిపడితే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కర్క్యుమిన్ రక్తాన్ని కొంత పలచబరచవచ్చు. రేపు రక్తపరీక్షలో ఎస్జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగేది) పెరిగితే అది జబ్బు వల్లా, మాత్ర వల్లా, పసరు వల్లా అన్నది డాక్టరుకు తేలదు. అప్పుడాయన ఆపేది పనిచేస్తున్న మాత్రనే కావచ్చు. అందుకే తిట్టినా చెప్పండి, సీసా కూడా పట్టుకెళ్లండి.

మొక్కల్లో మందు లేదని కాదు. మన పెరట్లో బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌ను బ్లడ్ క్యాన్సర్‌లో ఇస్తారు. అదీ డోసు లెక్కగట్టి, సూది ద్వారా. ఆకు నమలమని ఎవరూ చెప్పరు.

పసరుతో పాటు వచ్చే పథ్యం నాకు ఇంకా భయం. చప్పిడి మజ్జిగన్నంతో పెడితే మనిషి కండ కరిగిపోతుంది. డాక్టరు వద్దన్నవి తప్ప గుడ్డు, చేప, పప్పు పెట్టండి. రాత్రి పడుకునే ముందు కాస్త చోడి అంబలైనా పట్టండి. ఎంటెకవిర్ ఒక్కరోజూ మానకూడదు, ఆపితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది.

అత్తగారికి, మీ ఆయనకు, మరిదికి హెపటైటిస్ బి పరీక్ష చేయించారా? లేకపోతే ఈ వారమే చేయించండి. లేదని తేలినవాళ్లకు టీకా ఉంది.