ఫీడ్‌బ్యాక్ ఫారాలు చూసి మురిసిపోకు

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. గుణుపురంలో ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు, అప్పుడే మన ఒడిశా ప్లస్ త్రీ (డిగ్రీ) బయాలజీలో తెచ్చిన కొత్త బోధన పనిచేస్తోందో లేదో తేల్చే కమిటీలో నిన్ను వేసేశారా! ఇలాంటివి కొత్తవాళ్ళ నెత్తిన పెట్టడం మా రోజుల్లోనూ ఉండేది. టెన్షన్ పడకు. మీ దొడ్డమ్మ ముప్ఫైయొక్క ఏళ్ళు బోటనీ చెప్పింది, ఇలాంటి రిపోర్టులు మూడు రాసింది, అందులో రెండు తప్పుగా రాసింది. నీకు ఎక్కువ పనికొచ్చేవి ఆ రెండే.

మొదటి దాని సంగతి చెప్తాను. ఆ ఏడాది మేం లెక్చర్లు తగ్గించి పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టి చర్చలు పెట్టించాం, చార్టులు వేయించాం, మహేంద్రగిరికి తీసుకెళ్ళి మొక్కలు చూపించాం. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే దాదాపు అందరూ "చాలా బాగుంది" దగ్గరే టిక్కు పెట్టారు. నేను సంబరంగా రిపోర్టు రాశాను, అది కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళ ఫైల్లోకి వెళ్ళిపోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం కాలేజీ ఆవరణలో రావిచెట్టు కింద మా క్లాసు అమ్మాయి కనిపిస్తే ఊరికే అడిగాను, ఇంత మాను ఉంది కదా, ఈ కట్టె బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందే అని. "మట్టిలోంచి మేడం" అంది, తడుముకోకుండా. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాయమంటే తప్పు లేకుండా రాసింది, ఆరు కార్బన్ డయాక్సైడులు, ఆరు నీళ్ళు, అన్నీ సరిగ్గా. ఆ గాలిలోని కార్బనే ఈ కట్టె అయిందని మాత్రం ఆ పిల్లకి ఎప్పుడూ తట్టలేదు. మర్నాడు ఇంకో పన్నెండు మందిని అడిగితే గాలి అన్నవాళ్ళు ఇద్దరు. తమాషా ఏమిటంటే వాన్ హెల్మాంట్ విల్లో మొక్క కథ వాళ్ళ పుస్తకంలోనే ఉంది, అయిదేళ్ళలో చెట్టు నూట అరవై పౌన్లు పైగా పెరిగితే కుండీలో మట్టి రెండు ఔన్సులే తగ్గిందని. దాని కింద గీతలు కూడా గీసుకున్నారు. (పాపం ఆయన కూడా బరువంతా నీళ్ళ నుంచే వచ్చిందనుకున్నాడనుకో.)

పిల్లలకి క్లాసు నచ్చడం వేరు, వాళ్ళు నేర్చుకోవడం వేరు. ఒక్కోసారి ఈ రెండూ ఎదురెదురుగా కూడా నడుస్తాయి. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటుంది. చక్కటి లెక్చర్ విన్నవాళ్ళు బాగా నేర్చుకున్నాం అనుకున్నారు, తామే లెక్కలతో కుస్తీ పట్టినవాళ్ళు తక్కువ నేర్చుకున్నాం అనుకున్నారు, పరీక్ష పెడితే మార్కులు ఎక్కువొచ్చింది కుస్తీ పట్టినవాళ్ళకే. కాబట్టి ఫారం ఇవ్వు, వద్దనను, ఏ బెంచీ విరిగిందో ఏ ల్యాబులో నీళ్ళు రావో దాంట్లోనే తెలుస్తుంది. నేర్చుకున్నారా అన్నదానికి మాత్రం దాన్ని సాక్ష్యంగా పెట్టకు.

మరి ఏం చేయాలంటావా? కోర్సు మొదలైన వారంలో ఒక చిన్న పరీక్ష, అయిపోయాక మళ్ళీ అదే పరీక్ష. మార్కుల్లో కలపకూడదు, కలిపితే బట్టీ పట్టి వస్తారు. ప్రశ్నలు నిర్వచనాలు అడిగేవి కాకుండా, పిల్లలు మామూలుగా ఎక్కడ పొరపడతారో ఆ పొరపాటే ఒక జవాబుగా ఎదురుగా కూర్చుని ఉండేవి కావాలి. రావిచెట్టు ప్రశ్న అలాంటిదే. ఇంకొకటి మన దగ్గర తేలిగ్గా దొరికేది సికిల్ సెల్, అమ్మానాన్నల నుంచి వచ్చే రక్తం జబ్బు. రాయగడ, కోరాపుట్ వైపు పిల్లలకి ఆ మాట కొత్త కాదు, 2023లో కేంద్రం నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక పరీక్షల క్యాంపులూ చూస్తున్నారు. మలేరియా ఎక్కువగా ఉన్నచోట ఆ జన్యువు ఎందుకు పోకుండా నిలిచిపోయింది అని అడుగు. "మలేరియాని తట్టుకోడానికి శరీరం జన్యువుని మార్చుకుంది" అని రాసేవాళ్ళు ఎందరో చూడు. ఆ మార్పు ఎవరి అవసరం చూసీ రాదు, అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ళకి మలేరియా తీవ్రం కాకపోవడం వల్ల వాళ్ళు బతికి పిల్లల్ని కన్నారు, ఇద్దరి నుంచీ వచ్చినవాళ్ళు జబ్బుతో బాధపడ్డారు, ఆ తూకంలో జన్యువు మిగిలింది అని చెప్పగలిగితే పరిణామం అర్థమైనట్టే. ఒక్క జాగ్రత్త తల్లీ, ఆ ప్రశ్న చెప్పేటప్పుడు క్లాసులో ఎవరికి సికిల్ సెల్ ఉందో అన్న మాట రానివ్వకు. పెళ్ళి సంబంధాల దాకా వెళ్ళే విషయం అది.

బయట తయారైన పరీక్షలూ ఉన్నాయి. ప్రకృతి వరణం (ఇందాకటి సికిల్ సెల్ తూకం లాంటిదే) మీద 2002లో వచ్చిన ఇరవై ప్రశ్నల పరీక్ష ఒకటి పేరున్నది, అందులో గాలపాగోస్ పిచ్చుకలు, వెనిజులా గప్పీ చేపలు, కానరీ దీవుల బల్లులు. బాగుంటుంది. కానీ మనవాళ్ళకి ముందు ఆ దీవులెక్కడో చెప్పాలి. జంతువుని మారిస్తే ప్రశ్న మారిపోతుంది, అప్పుడు వాళ్ళ అంకెలతో మన అంకెలు పోల్చకూడదు. నేనైతే మార్చేసి, పోల్చడం మానేస్తాను.

ఇప్పుడు భాష. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే పెద్దగా చెప్తున్నాను. మన పిల్లల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ త్రీలో ఇంగ్లీషు. సవర గిరిజన పిల్లలకైతే ఇంకో భాష ముందే ఉంది. సవరల కోసం వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు రాసిన గిడుగువారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. అక్కడే నేను సవర పిల్లలకి నూరు పదాల ఇంగ్లీషు ప్రశ్న ఇచ్చి, వీళ్ళకి జన్యుశాస్త్రం రాలేదని రాశాను. అది నా రెండో తప్పులో ఒక భాగం. నువ్వు ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఇచ్చినా పక్కన ఒడియాలో ఇవ్వు, జవాబు ఏ భాషలోనైనా రాయొచ్చను, బొమ్మ గీసినా సరే అను. తర్వాత ఆరేడుగురిని, మార్కులు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ, విడివిడిగా పిలిచి "ఇలా ఎందుకు రాశావమ్మా" అని టీ ఇచ్చి అడుగు. వందమంది అంకెలు చెప్పనిది ఆ అరగంట చెప్తుంది.

ఆ రెండో తప్పులో మిగతా భాగం ఇది. పోయినేడు పాస్ శాతం ఇంత, ఈ ఏడు ఇంత, కాబట్టి కొత్త పద్ధతి గెలిచింది అని రాశాను. ప్రశ్నపత్రం మారిందన్న సంగతి మర్చిపోయాను. ఆ ఏడు చేరిన పిల్లలకి ప్లస్ టూలోనే మార్కులు ఎక్కువన్నది చూడలేదు. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో మానేసిన పిల్లలు. సెప్టెంబరులో నలభైమంది రాసి మార్చిలో ఇరవైయేడుమంది రాస్తే సగటు దానంతటదే పెరుగుతుంది, ఎందుకంటే వెళ్ళిపోయింది ఎక్కువగా కష్టపడుతున్నవాళ్ళే. రెండు పరీక్షలూ రాసినవాళ్ళ మార్కులే జతపరిచి చూడు, ఆ పదమూడుగురి గురించి విడిగా రాయి, ఎవరు, ఎందుకు మానేశారు, పేర్లు లేకుండా.

లెక్క కూడా తేలికే. ఎంత పెరిగారు అన్నదాన్ని ఎంత పెరగడానికి చోటుంది అన్నదానితో భాగించు. నూటికి 30 నుంచి 51కి వస్తే 21ని 70తో భాగిస్తే 0.3. 70 నుంచి 79కి వచ్చినవాడిదీ 9ని 30తో భాగిస్తే 0.3. ఇద్దరూ సమానంగా నేర్చుకున్నారని కాదు, కానీ మొదట్లో వెనకబడ్డవాళ్ళని ఊరికే మెచ్చుకోకుండా, ముందున్నవాళ్ళని ఊరికే తిట్టకుండా ఉంటుంది.

ఇక అసలు కొత్త బోధన క్లాసులో జరుగుతోందా? ఇది అడగడానికి మొహమాటపడతారు. అమెరికాలో 2011లో బయాలజీ అధ్యాపకులనే చూశారు, వర్క్‌షాపులకి వెళ్ళొచ్చినవాళ్ళు. పద్ధతి మార్చుకున్నాం అన్నవాళ్ళు 89 శాతం, వీడియోలు చూస్తే 75 శాతం మంది పాత లెక్చరే ఇస్తున్నారు. అబద్ధాలు చెప్పారనుకోను, మనం మారామనే మనకి అనిపిస్తుంది. నువ్వు చివరి బెంచీలో గడియారం పెట్టుకుని కూర్చో, ప్రతి రెండు నిమిషాలకీ మేష్టారు ఏం చేస్తున్నారు, పిల్లలు ఏం చేస్తున్నారు అని గీతలు పెట్టు. ముందుగా చెప్పి వెళ్ళు, పోలీసులా వెళ్ళకు. మొదట నీ క్లాసుకే ఇంకొకరిని కూర్చోబెట్టి ఆ కాగితం స్టాఫ్‌రూంలో అందరికీ చూపించు. నీ క్లాసులో నలభై నిమిషాలు నువ్వే మాట్లాడావని తేలినా చూపించు. ఆ తర్వాత ఎవరూ నిన్ను వద్దనరు.

సిలబస్ మారడాన్ని సంస్కరణ అనుకోవద్దని హెచ్‌ఓడీ గారికి నెమ్మదిగా చెప్పు. ఈ విషయం అమెరికాలో బయాలజీ పెద్దలు కూడా తంటాలు పడే చెప్పారు. 2009లో సమావేశాలు పెట్టి 2011లో రిపోర్టు తెచ్చినప్పుడు అధ్యాయాల జాబితా ఇవ్వకుండా పరిణామం, నిర్మాణం-పని, సమాచార ప్రవాహం, శక్తి-పదార్థాల మార్పులు, వ్యవస్థలు అని అయిదే భావాలు పెట్టారు. మన దగ్గర 2015లో సీబీసీఎస్ (పిల్లలు సబ్జెక్టులు ఎంచుకునే క్రెడిట్ల పద్ధతి), 2020లో కొత్త విద్యావిధానం, యూజీసీ కప్పల కోతలు మాన్పించడం, అన్నీ వచ్చాయి. కప్ప పోయి కంప్యూటరు బొమ్మ వచ్చాక పిల్లలకి గుండె గదులు ఎక్కువ అర్థమయ్యాయా తక్కువా అని నేను పనిచేసినచోట ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. కప్పలు బతికాయి, అదొక్కటీ సంతోషం.

పద్ధతిలో దమ్ముందా అని భయపడకు. 225 పరిశీలనలు కలిపి 2014లో చూస్తే లెక్చరు క్లాసుల్లో తప్పినవాళ్ళు నూటికి 34 మంది దాకా, పిల్లలు పాల్గొనే క్లాసుల్లో 22 మంది. అంటే పద్ధతి పనిచేస్తుందని తెలిసిందే, మీ గుణుపురంలో, మీ ల్యాబులో, కరెంటు పోయే మధ్యాహ్నాల్లో ఎంత పనిచేస్తోంది అన్నదే నువ్వు తేల్చాల్సింది. ఎక్కడ పనిచేయలేదో అది రిపోర్టు చివరి పేజీలో దాచకు, మొదటి పేజీలోనే పెట్టు.

ప్రశ్నలు రాసి నాకు ముందు పంపు, పది చాలు. లేకపోతే ఆదివారం పొద్దున్నే పాసింజర్ ఎక్కి పర్లాకిమిడి వచ్చేయ్, కాగితాలన్నీ పట్టుకురా. పక్కింటి పిల్లాడు ప్లస్ త్రీ ఫస్టియర్లో ఉన్నాడు, వాడి మీద ప్రయోగం చేద్దాం, ఉప్మా పెడితే వచ్చేస్తాడు.

మీ దొడ్డమ్మ