బ్రిటన్‌లో కరెంటు బిల్లు బకాయి ఉండగా కంపెనీ మారవచ్చా?

లండన్‌లో అద్దెకుంటూ, చలికాలపు గ్యాస్, కరెంటు బిల్లులు కట్టలేకపోయిన దంపతులు అడిగిన ప్రశ్న ఇది. జవాబు బకాయి వయసును బట్టి ఉంటుంది. 28 రోజులు దాటకపోతే మారవచ్చు. ఆ మొత్తం పాత కంపెనీ పంపే చివరి బిల్లులో కలుస్తుంది. దాటితే, తీర్చేదాకా మార్పును అడ్డుకునే హక్కు ఆ కంపెనీకి ఉంది. ప్రీపేమెంట్ మీటర్ (ముందే డబ్బు వేసి వాడుకునేది) ఉన్నవారికి నియమం వేరు: కరెంటుకు 500, గ్యాస్‌కు 500 పౌండ్ల వరకు ఉన్న బాకీని కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుని మారవచ్చు.

అయితే అంతకంటే ముందు ఆ బాకీ నిజంగా మీదేనా అని చూడండి. ఇది చాలామంది వదిలేసే పని. మీకంటే ముందు అద్దెకున్నవారి బాకీ మీరు కట్టనక్కరలేదు. ఇంట్లో చేరిన రోజు మీటర్ ఫొటో, అద్దె ఒప్పందం పంపితే చాలు. అంచనా రీడింగ్‌తో వేసిన బిల్లయితే అసలు రీడింగ్ ఇచ్చి సరిచేయించుకోండి. కంపెనీ తప్పు వల్ల బిల్లు ఆలస్యమైతే, 12 నెలలకు పూర్వం వాడినదానికి వసూలు చేయకూడదు.

బాకీ మీదేనని తేలితే మౌనంగా ఉండకండి, అప్పు చేసి కట్టకండి. ఆదాయం, ఖర్చులు రాసి చూపించి వాయిదాలు అడగండి. మీ స్తోమతను లెక్కలోకి తీసుకోవాలని నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నిబంధన. కంపెనీ వినకపోతే సిటిజెన్స్ అడ్వైస్ సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది.