హ్యూస్టన్‌లో మొదటి హరికేన్ సీజన్: కేటగిరీ అంకె కంటే ముందు చూసుకోవాల్సినవి

ఈ మధ్యే హ్యూస్టన్ పడమటి శివారు కేటీకి వచ్చామని, అద్దె ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలతో ఉంటున్నామని, జూలైలో మీ అత్తమామలు ఇండియా నుంచి వస్తున్నారని రాశారు. కేటగిరీ 3 వస్తుందంటే ఇల్లు వదిలి డాలస్ వెళ్లిపోవాలా, ఇంట్లో ఏమేం పెట్టుకోవాలి అని అడిగారు. మేము హార్వీ హరికేన్‌కు ముందు నుంచీ హ్యూస్టన్‌కు పడమటి వైపే ఉంటున్నాం. చూసిన దాన్నిబట్టి చెబుతాను.

హరికేన్లకు 1 నుంచి 5 దాకా ఇచ్చే కేటగిరీ అంకె గాలి వేగం ఒక్కటే చెబుతుందండీ. వాన ఎంత పడుతుందో, కరెంటు ఎన్నాళ్లు పోతుందో దాంట్లో ఉండదు. 2017లో హార్వీ తీరం దాటింది మనకు చాలా దూరంగా, టెక్సాస్ తీరంలోని రాక్‌పోర్ట్ దగ్గర. ఇక్కడికొచ్చేసరికి గాలి తగ్గింది కానీ, కదలకుండా రోజుల తరబడి కురిసింది. హ్యూస్టన్‌కు తూర్పునున్న నెడర్‌ల్యాండ్ ఊళ్లో వాన 60 అంగుళాలు దాటింది. 2024 జూలై 8న వచ్చిన బెరిల్ కేటగిరీ 1 మాత్రమే. అయినా 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కాబట్టి ముందు నీళ్లకు, తర్వాత చీకటికీ ఎండకీ సిద్ధం కావాలి.

అన్నిటికంటే ముందు మీ ఇల్లున్న చోటు సంగతి కనుక్కోండి. హార్వీలో కేటీ దగ్గరి బార్కర్ రిజర్వాయర్ నిండి, వెనక్కి తన్నిన నీళ్లు సింకో రాంచ్ కాలనీల వైపు ఇళ్లలోకి వచ్చాయి. సముద్రానికి అంత దూరంలో ఉన్నాం, మనకేం కాదనుకున్నవాళ్ల ఇళ్లే అవి. టెక్సాస్‌లో ఇల్లు అద్దెకిచ్చేవారు అది వరద ముప్పున్న చోట ఉందా, గత 5 ఏళ్లలో మునిగినట్టు తమకు తెలుసా అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం ఉంది. మీ లీజు కాగితాల్లో ఆ పేజీ వెతకండి, లేకపోతే అడగండి.

రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకున్నవాళ్ల సామానుకు చేసే బీమా) ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. మామూలు పాలసీలు వరద నష్టం ఇవ్వవు. ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి. అద్దెకున్నవాళ్లు కూడా ఇంట్లో సామాను వరకు తీసుకోవచ్చు, ప్రభుత్వ పథకంలో లక్ష డాలర్ల దాకా ఇస్తారు. అయితే మామూలుగా పాలసీ కట్టిన 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, తుఫాను పేరు టీవీలో విన్నాక ఫోన్ చేస్తే లాభం లేదు. కారు ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ కవరేజి ఉందో లేదో కూడా చూడండి, వరదలో కారు పాడైతే అదే ఆదుకుంటుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఈ పాలసీలు మరీ ముఖ్యం. విపత్తుల్లో ఆదుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెమా ఇచ్చే నగదు సాయానికి ఆ వీసా సరిపోదు. అమెరికా పౌరులైన పిల్లలుంటే వాళ్ల తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక డాలస్ ప్రయాణం. 2005లో రీటా హరికేన్ వస్తోందని హ్యూస్టన్ ఊరంతా ఒక్కసారే బయల్దేరితే హైవేల మీద మండే ఎండలో గంటల తరబడి ఇరుక్కుపోయారు. తుఫాను కంటే ఆ ప్రయాణంలోనే ఎక్కువమంది చనిపోయారు. అందుకే ఇప్పుడు ఖాళీ చేయాల్సిన జోన్లను జిప్ కోడ్ ప్రకారం పెట్టారు. అవి సముద్రం పోటు వచ్చే తీరం వైపువి, కేటీ వాటిలో లేదు. అధికారులు వెళ్లమంటేనో, మీ ఇల్లు మునిగే చోట ఉంటేనో, పెద్దవాళ్లకు కరెంటుతో నడిచే వైద్య పరికరాలు ఉంటేనో వెళ్లండి. వెళ్లేటట్టయితే రెండు రోజుల ముందే వెళ్లిపోండి. వాన మొదలయ్యాక మాత్రం కారు తీయొద్దు. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారును తోసేస్తాయి, రెండడుగులైతే చాలావరకు ఏ బండీ ఆగదు.

బెరిల్ అప్పుడు మా అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు. గాలి హోరుకు వాళ్లు భయపడలేదు, కోనసీమలో పుట్టి పెరిగినవాళ్లు, తుఫాన్లు కొత్త కాదు. అసలు కష్టం కరెంటు పోయాక, మర్నాటి నుంచి మొదలైంది. ఇక్కడి ఇళ్లు ఏసీని నమ్ముకుని కట్టినవి, వరండా ఉండదు, గాలి ఆడదు. రెండో రోజు మధ్యాహ్నానికి నాన్న మాట తడబడటం మొదలైంది. వెంటనే కరెంటున్న స్నేహితుల ఇంటికి తీసుకెళ్లాం, చల్లబడ్డాక తేరుకున్నారు. కరెంటు పోతే ఎవరింటికి వెళ్లాలో, దగ్గర్లో కూలింగ్ సెంటర్ (జనం చల్లగా కూర్చునేందుకు తెరిచే ఏసీ హాలు) ఎక్కడుందో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. పెద్దవాళ్లు తికమకగా మాట్లాడితే 911కి ఫోన్ చేయండి, మా అదృష్టం మీకూ ఉంటుందని అనుకోవద్దు.

జనరేటర్ కొంటే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే నడపాలి. షట్టర్ తెరిచే ఉంది కదా అని గరాజ్‌లో పెట్టొద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బ్యాటరీతో పనిచేసే అలారం ఒకటి తప్పకుండా కొనండి. కరెంటు లేనప్పుడు గరాజ్ తలుపు తెరవడానికి పైన వేలాడే ఎర్ర తాడు ఉంటుంది, అది ఎలా లాగాలో ఒకసారి చేసి చూడండి.

తిండికి మన వంటిల్లే సగం సిద్ధంగా ఉంటుంది. అటుకులు, మరమరాలు, కందిపొడి, ఆవకాయ వీటికి ఫ్రిజ్ అక్కర్లేదు. తుఫాను ముందు రాత్రి చేసిన పులిహోర మర్నాటికి సరిపోతుంది, దోసెల పిండి మాత్రం రుబ్బొద్దు. తలుపు తీయకపోతే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుతాయి. తాగేందుకూ వంటకూ కలిపి మనిషికి రోజుకు ఒక గ్యాలన్ లెక్కన నీళ్లు పెట్టుకోండి. బాత్‌టబ్ నింపితే టాయిలెట్‌కు పనికొస్తుంది.

పాస్‌పోర్టులు, ఐ-797లు (వీసా ఆమోద పత్రాలు), పిల్లల బర్త్ సర్టిఫికెట్లు నీళ్లు చొరబడని కవర్లో వేసి పై అల్మరాలో పెట్టండి, ఫోటోలు తీసి ఈమెయిల్ చేసుకోండి. అత్తమామలు వచ్చేటప్పుడు బీపీ, షుగర్ మందులు ఒక నెలకు సరిపడా ఎక్కువే తెచ్చుకోమనండి, మందుల చీటీతో సహా. ఇన్సులిన్ వాడేవారైతే చిన్న ఐస్ పెట్టె కొని ఉంచండి, కానీ ఇన్సులిన్ నేరుగా ఐస్‌కు తగలకుండా చూడండి, గడ్డకడితే ఇక పనికిరాదు.