చైనాలో కొండలను తొలిచి అంత పెద్ద బుద్ధ విగ్రహాలను ఎందుకు చెక్కించారు?

భక్తి ఒక్కటే కారణం కాదనడానికి ఉత్తర చైనాలోని యున్‌గాంగ్ గుహలే గొప్ప నిదర్శనం. ఉత్తర వెయ్ రాజవంశపు చక్రవర్తి తైవు 446లో బౌద్ధాన్ని అణచివేసి ఆరామాలను, విగ్రహాలను ధ్వంసం చేయించగా, ఆయన మనవడి పాలనలో, 460 ప్రాంతంలో, తాన్‌యావ్ అనే భిక్షువు నేటి దాతోంగ్ సమీపంలోని ఇసుకరాతి కొండలో ఐదు గుహలు తొలిపించాడు. కంచు విగ్రహాన్ని కరిగించవచ్చు, చెక్క మందిరాన్ని కాల్చవచ్చు గానీ, కొండను రూపుమాపడం అంత తేలిక కాదు. ఆ ఐదు గుహల్లోని మహావిగ్రహాలు ఐదుగురు వెయ్ పాలకులకు ప్రతీకలని పలువురు పండితుల అభిప్రాయం. అంటే బుద్ధుడికి మొక్కినవారు రాజుకూ మొక్కినట్లే.

ఆ ఐదింటిలో ఒకటైన, నేడు 20వ గుహగా పిలిచే గుహ ముందుగోడ కూలిపోవడంతో, సుమారు 14 మీటర్ల ధ్యాన బుద్ధుడు నేడు ఆరుబయట దర్శనమిస్తాడు. భుజాలను తాకే చెవులు, ఎడమ భుజం మీదుగా వరుసగా జారే చీవరపు (భిక్షువు వస్త్రపు) మడతలు గాంధార, మధ్య ఆసియా శిల్పరీతులను స్పష్టంగా గుర్తుచేస్తాయి.