సగం ఆటకి ఎవరు ముందుంటారు?

ప్రశ్న: మా అబ్బాయి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లు చూస్తాడు. సగం ఆటకి ఏ జట్టు ముందుంటుందో ముందే చెప్పొచ్చా సార్? – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: కొంతవరకే చెప్పొచ్చండి. ఎన్‌బీఏలో సగమంటే 24 నిమిషాలు, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా లెక్కన 20. వరుసగా నాలుగు త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడితే 12 పాయింట్లు, అంచనా తారుమారే. అందుకే నేను స్కోరు కన్నా ముందు ఫౌళ్లు చూస్తాను. నల్గొండలో మా పిల్లల ఆటలోనూ అంతే. బుట్ట దగ్గర ఆడే పొడవాటి సెంటర్‌కి మొదటి క్వార్టర్‌లోనే (ఆటలో మొదటి పావు భాగం) రెండో ఫౌల్ పడిందా, వాణ్ని బెంచీ మీద కూర్చోబెడతాను. ఐదు పడితే ఆట నుంచి బయటికే కదా! ఎన్‌బీఏలో ఆరు. రెండో క్వార్టర్ మొదట్లో దిగే బెంచీ ఆటగాళ్లను గమనించమనండి, ఆధిక్యం చాలాసార్లు అక్కడే కరిగిపోతుంది. పందెం మాత్రం కాయనివ్వకండి. ఆన్‌లైన్ పందేలు తెలంగాణలో 2017 నుంచే నిషేధం.