మావయ్యగారికి మాట వినపడాలి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె, పాత మండువా లోగిలి. డెబ్భై రెండేళ్ల మావయ్యగారు టీవీ సౌండు బాగా పెంచి వార్తలు చూసేవారు. పదో తరగతి చదివే మా అమ్మాయికి ఇబ్బందిగా ఉందని మావారు ఓ రోజు ‘మీకు చెవుడొచ్చిందా’ అని విసుక్కున్నారు. అప్పట్నుంచి మావయ్యగారు టీవీ మానేసి వీధి అరుగు మీదే కూర్చుంటున్నారు. అత్తయ్యగారు బాధపడుతున్నారు. ఇప్పుడు మావారు ముప్పై వేలు పెట్టి సౌండ్‌బార్, అదే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు, కొంటానంటున్నారు. కొనమంటారా? - ఒక కోడలు

జవాబు: కొనండమ్మా. కానీ ముందు మీవారిని ఆ అరుగు మీదకెళ్లి తండ్రి పక్కన కూర్చోమనండి. ‘ఆ రోజు నోరు జారాను నాన్నా’ అన్న మాట అయ్యాకే షాపుకి వెళ్లాలి. అది చెప్పకుండా తెచ్చిన సౌండ్‌బార్‌ని చూసినప్పుడల్లా ఆయనకి చెవుడన్న మాటే గుర్తొస్తుంది.

‘సౌండు వినపడుతోంది గానీ మాట తెలియట్లేదు’ అని మావయ్యగారు ఎప్పుడైనా అన్నారేమో గుర్తుచేసుకోండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు తగ్గేవి సన్నటి శబ్దాలు. స, త, క లాంటి హల్లుల పదునంతా వాటిలోనే ఉంటుంది. ‘తల’ అన్నా ‘కల’ అన్నా ఒకేలా తోస్తుంది. అందుకే రిమోట్ నొక్కుతూ పోతారు. మోత పెరుగుతుంది, మాట మాత్రం తేటపడదు. పలచటి టీవీల్లో స్పీకర్లు చిన్నవి, చాలావాటికి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ఆ పైన మీది గచ్చు నేల, సున్నపు గోడలు, నడుమ ఆకాశం. కొంత శబ్దం గోడల మధ్య తిరుగుతుంది, కొంత పైకి పోతుంది. పాపం, ఆయన తప్పు ఏముంది?

కాబట్టి మాట కోసం కొనండి, మోత కోసం కాదు. పెట్టె మీద 3.1 అని ఉందేమో చూడండి. ఆ మూడు ఎడమ, కుడి, నడుమ స్పీకర్లు, చుక్క తర్వాతి ఒకటి దడదడలాడే సబ్‌వూఫర్ పెట్టె. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది ఆ నడిమి స్పీకర్లోంచే. 2.1లో అది ఉండదు. మాటల్ని పైకి తెచ్చే వాయిస్ మోడ్, హఠాత్తుగా లేచే మోతల్ని అణిచే నైట్ మోడ్ ఉంటే పిల్ల చదువుకీ మేలే. శబ్దాన్ని పైకప్పుకేసి కొట్టే అట్మాస్ రకానికి మాత్రం డబ్బు పోయకండి. అది చదునైన శ్లాబుకి తగిలి కిందికి రావాలి. మీ వాలు పెంకుల కింద ఆ పని సరిగా జరగదు. సబ్‌వూఫర్‌ని గది మూలకి నెట్టకండి, దడ పెరిగి పక్కగదిలోకి పోతుంది. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ సాకెట్‌కి కలిపి, సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేస్తే పాత రిమోట్‌తోనే సౌండు మారుతుంది. ఆయనకి అలవాటైన రిమోట్ ఆయన చేతిలోనే ఉండాలి.

ఇంకొకటి. సౌండ్‌బార్ టీవీ మాటే వినిపిస్తుంది, మనవరాలి మాట వినిపించలేదు. చెవి డాక్టరుకి తప్పకుండా చూపించండి. ఒక్కోసారి గుబిలి గట్టిపడినా వినికిడి మందగిస్తుంది. ఇంట్లో పిన్నీసుతో తియ్యడం, నూనె కాచి పొయ్యడం వద్దు. ఆడియోమెట్రీ అంటే హెడ్‌ఫోన్ పెట్టి శబ్దాలు వినిపించడమే, నొప్పేమీ ఉండదు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఆయన ఒక్కరినే రమ్మంటే మళ్లీ నొచ్చుకుంటారు. అత్తయ్యగారికి కూడా పరీక్ష చేయించండి, ఇద్దరూ కలిసి వెళతారు.

సౌండ్‌బార్ కొనే రోజు మావయ్యగారిని షాపుకి తీసుకెళ్లండి. అక్కడ ఫైటింగు సీను పెట్టి అదరగొట్టబోతే, వద్దని వార్తలు పెట్టించండి. రిమోట్ ఆయనకివ్వండి. సౌండు పెంచకుండానే ఏ బార్ దగ్గర ఆయనకి వార్త పూర్తిగా తెలిసిందో, అది ప్యాక్ చేయించుకుని రండి.