టెక్ సందేహాలు: ఇంటర్వ్యూ గదిలో, సిగ్నల్ మేడ మీద

ప్రశ్న: బైరాగిపట్టెడలో అద్దెకు ఉంటున్నాను. గురువారం ఉదయం 11 గంటలకు ఒక కంపెనీ వారు ఫోనులో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. గదిలో సిగ్నల్ ఒక్క గీతే. మేడ మీద బాగుంటుంది కానీ అక్కడ ఎండ, వీధి రొద. మంచి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కొనమంటారా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కొనకండి. తీగ ఉన్న పాత ఇయర్‌ఫోన్లు ఉంటే అవే మేలు. వాటికి ఛార్జింగ్ అయిపోదు, సరిగ్గా కాల్ వచ్చిన క్షణానే లాప్‌టాప్‌తో జత కట్టవు. ఒక్కటే చిక్కు: తీగకు ఉండే చిన్న మైకు చున్నీకి రాసుకుంటే అవతలి వారికి గరగర వినిపిస్తుంది. ఆ మైకును బట్టకు తగలకుండా ఒక క్లిప్పుతో పెట్టుకోండి. ఫోనును మాత్రం చెవికి ఆనించుకోవద్దు. ఒకసారి నా చెంప తగిలి మ్యూట్ నొక్కుకుపోయింది. నా అనుభవమంతా ఏకరువు పెట్టాను, అవతల ఒక్క ముక్క వినపడలేదు.

ఇక సిగ్నల్. ఇంటివారి వై-ఫై దొరికితే మేడ ఎక్కనక్కర్లేదు. ఫోను సెట్టింగ్స్‌లో ‘వై-ఫై కాలింగ్’ ఆన్ చేయండి. జియో, ఎయిర్‌టెల్‌లలో ఈ సౌకర్యం ఉంది, మీ ఫోను కూడా దానికి పనికొచ్చేదై ఉండాలి. అప్పుడు మామూలు నంబరుకు వచ్చే కాలే వై-ఫై మీదుగా వస్తుంది. బలహీనమైన టవర్ కోసం ఫోను అటూ ఇటూ తడుముకుంటుంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వై-ఫై ఒక్కటే ఆన్ చేసి చూడండి. అయితే రౌటర్ ఇన్వర్టర్ లైను మీద ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే ఎయిర్‌ప్లేన్ జోలికి పోకండి, కరెంటుతోపాటే కాలూ పోతుంది. బుధవారం సాయంత్రం స్నేహితురాలి చేత మీకు కాల్ చేయించుకోండి. మీరు చేసి చూస్తే చాలదు, రావలసింది వాళ్ల కాల్ కదా.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. పాత పద్ధతి ఫోను కాల్‌లో 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వని మాత్రమే వెళ్తుంది. ‘ఎస్’, ‘ఎఫ్’ అక్షరాలను వేరుచేసే సన్నని గాలి శబ్దంలో చాలా భాగం దానికి పైనే ఉంటుంది. అందుకే అవి రెండూ ఒకేలా వినిపిస్తాయి. రెండు వైపులా వోల్టీ, అంటే 4జీ మీదుగా వెళ్లే కాల్, ఉంటే దాదాపు 7000 వరకు వెళ్లొచ్చు, కానీ అవతలి వారిది ఆఫీసు ల్యాండ్‌లైనైతే ఆ భాగ్యం ఉండదు. కాబట్టి ఈమెయిల్ చెప్పేటప్పుడు ఎస్ అంటే సూరత్, ఎఫ్ అంటే ఫరీదాబాద్ అని ఊళ్లు జోడించండి. అడిగేవారు తెలుగువారు కాకపోవచ్చు, సూళ్లూరుపేట అంటే ఇంకో సందేహం మొదలవుతుంది. జీతం అంకెల దగ్గరా జాగ్రత్త: ఫిఫ్టీన్ అన్నది ఫిఫ్టీగా వినబడితే ఆశపోతు అనుకుంటారు!

రెజ్యూమెను ఫోనులో తెరవకుండా ఏదైనా జిరాక్స్ షాపులో ప్రింటు తీసుకోండి.

ప్రశ్న: ‘రెండుసార్లు కాల్ చేశాం, మీరు తీయలేదు’ అని కంపెనీ మెయిల్ పంపింది. నా ఫోను మోగనే లేదు. ఎందుకు?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మూడు చోట్ల వెతకండి. కాల్ యాప్‌లో తెలియని నంబర్లనూ స్పామ్‌నూ ఆపే సెట్టింగ్, ‘డు నాట్ డిస్టర్బ్’, కాల్ ఫార్వర్డింగ్. రెండు సిమ్‌లు ఉంటే ఇంకో అనుమానం: చాలా ఫోన్లలో ఒక సిమ్‌పై మాట్లాడుతుంటే రెండోది అందుబాటులో ఉండదు. వారికి ఇప్పుడే మర్యాదగా ఒక మెయిల్ రాసి మరో సమయం అడగండి, చాలామంది ఇస్తారు. మళ్లీ కాల్ వచ్చి, ఇంటర్వ్యూకు ముందు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ కట్టమంటే మాత్రం పైసా పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.